లోడు గాల్లో ఉన్నంతసేపు

మత్తు డాక్టరంటే ఆ రోజుల్లో ఎవరికీ లెక్కలేదు. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్‌గారి హస్తవాసి, తేడా వస్తే మత్తు ఎక్కువైందనేవారు. పైగా నేను ఆడదాన్ని. మత్తు వదిలి కళ్ళు తెరిచిన రోగులు నన్నే చూసి, "డాక్టరుగారేరి సిస్టరూ?" అని అడిగేవారు. మాది కంచరపాలెం. నాన్న రైల్వేలో ఫిట్టరు. గూడ్సుబళ్ళ చప్పుడు పక్కన ఉన్న ఇళ్ళలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. నా గొంతు పెద్దది, కోపం దానికంటే పెద్దది. ఆ రెండూ లేకపోతే ఆపరేషన్ థియేటర్లలో అన్నేళ్ళు నిలబడేదాన్ని కాదు. ఆ రెండూ ఉండబట్టే ఇప్పుడు చెప్పబోయే తప్పు కూడా చేశాను.

నేను పనిచేసిన ఆసుపత్రి హార్బరు వైపు కొండవాలున ఉండేది. చిన్నది. డెబ్భైల చివర నేను చేరినప్పుడు నొప్పికి ప్రత్యేకంగా వైద్యం ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. రోగం పోతే నొప్పి పోతుంది, రోగం పోకపోతే మనం చేసేదేమీ లేదు. అంతే లెక్క. సర్జన్లు నన్ను పిలిపించి, "ఆ మూల మంచం ఆయన అరుపులకి రౌండ్లు వేసుకోలేకపోతున్నాం, కాస్త చూడండమ్మా" అనేవారు. ఆయన బాధ కోసం కాదు, వీళ్ళ ప్రశాంతత కోసం. నాకు ఒళ్ళు మండేది. అలా మండి మండి ఆ మూల మంచాల దగ్గరే ఎక్కువసేపు ఉండటం మొదలుపెట్టాను. నరాల మొదట్లో ఇంజెక్షన్లిచ్చి నొప్పిని మొద్దుబార్చడం నేర్చుకున్నాను. పుస్తకాలు తెప్పించుకున్నాను. కొన్నాళ్ళకి ఆసుపత్రిలో నా పేరు "మత్తమ్మ" నుంచి "నొప్పమ్మ"గా మారింది. అదీ ఒక ఎదుగుదలే అనుకున్నాను.

ఎనభైల నడుమ నా బుర్రంతా ఒకే ఆలోచన. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి, దాంట్లోంచి మార్ఫిన్ పంపితే, చాలా కొద్ది మందుతోనే నొప్పి చాలాసేపు ఆగుతుంది. ఇది నేను చేస్తూనే ఉన్నాను. చిక్కల్లా గొట్టం వీపు మీద బయటికి వేలాడుతూ ఉండటం. వారం తిరక్కుండా చీము పట్టేది, లేదా పక్క మీద దొర్లినప్పుడు ఊడి వచ్చేది. బయట దేశాల్లో ఆ గొట్టాన్ని మొత్తం చర్మం కిందే నడిపించి, చివర ఒక చిన్న డబ్బీకి తగిలించి, ఆ డబ్బీని కూడా పక్కటెముకల మీద చర్మం కిందే పాతిపెడుతున్నారని చదివాను. రోజూ చర్మం మీంచి డబ్బీలోకి సూదితో మందు వేస్తే చాలు. మనిషి లేచి తిరగొచ్చు, ఇంటికి పోవచ్చు. అలాంటి డబ్బీ మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? మద్రాసులో మెదడు ఆపరేషన్లు చేసే నా క్లాస్‌మేటు ఒకాయన, పిల్లల తలలో నీరు చేరినప్పుడు వాడే డబ్బీ ఒకటి పంపించాడు. రూపాయి బిళ్ళంత వెడల్పు, పైన రబ్బరు మూత. "ఒక్కటే ఉంది, పాడుచెయ్యకు" అని చీటీ రాశాడు. దాన్ని నా బీరువాలో నగలా దాచుకున్నాను.

మా పెద్ద డాక్టరుగారికి అందులో నమ్మకం లేదు, కానీ అడ్డం చెప్పలేదు. "ఒక మనిషికి చేసి చూపించమ్మా. నెలాఖరుకి ఊళ్ళో డాక్టర్లంతా మన హాల్లో కలుస్తారు. ఆ మనిషిని నడిపించి చూపిస్తే నొప్పి రోగులకి రెండు మంచాల గది ఇస్తాను" అన్నారు. రెండు మంచాలు! నాకు రాజ్యం ఇచ్చినట్టే అనిపించింది.

ఆ వారమే సారంగు వచ్చాడు.

క్రేను చేరలేని చోట తాళ్ళతో, కప్పీలతో, చేతి విన్చీలతో బరువులెత్తేవాళ్ళని ఖలాసీలంటారు. వాళ్ళ ముఠాకి పెద్ద సారంగు. ఈయన వన్‌టౌన్ సాయిబు. కుర్రతనంలో పోర్టులో, తరవాత ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట పనిచేశాడు. యాభై అయిదేళ్ళుంటాయి. మాట నెమ్మది, చేతులు మాత్రం తారు పూసిన తాళ్ళలా ఉండేవి. పేగు చివర కాన్సరు. కోసి తీసేశాక కూడా తిరగబెట్టి నడుము కింది ఎముకలోకి పాకింది. కుడి పక్కకి ఒత్తిగిలి పడుకోవడం తప్ప ఆయనకింకేమీ చేతకాకుండా పోయింది. నాలుగు గంటలకోసారి నొప్పి ఆపే పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం, అది రెండు గంటలు పనిచేసేది. రోగం నయం కాదని ఆయనకి తెలుసు. నన్ను ఒక్కటే అడిగాడు.

"కూకోవాల డాక్టరమ్మా. కూకుని ఇంత అన్నం తినాల. మనిషన్నాక అడ్డంగా పడుకుని తింతాడేటి?"

కూర్చోబెడతానని మాటిచ్చాను. అప్పటికి ఆయనకి మిగిలిన కాలం నెలల్లో లెక్క. ఆ నెలలు పక్క మీద ఒత్తిగిలి గడుస్తాయా, కూర్చుని గడుస్తాయా అన్నది నా చేతుల్లో పడింది.

ఆపరేషన్‌కి ముందు రెండు మూడు రోజులు ఆయన మంచం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పించేదాన్ని. కిటికీలోంచి పోర్టు క్రేనులు కనిపించేవి. వాటిని చూసి, "మిషనోడికేటమ్మా, మీట నొక్కితే లేత్తది. మాది అలాక్కాదు" అనేవాడు. ముఠా తాడు లాగుతున్నంతసేపు పాటలు, బూతులు, పరాచికాలు అన్నీ ఉంటాయట. లోడు నేల వదిలిందో, అందరి నోళ్ళూ మూతపడాలి. ఒక్క సారంగు గొంతే వినపడాలి. లోడు దిగి, సారంగు "దిగింది" అని కేకేసేదాకా ఇంకెవరూ నోరు మెదపకూడదు.

"ఒకపాలి మావోడి ఏలు కప్పీలో పడిపోనాది. నోరెత్తితే తాడట్టుకున్నోళ్ళు అటు సూత్తారు, లోడు కిందున్నోళ్ళ మీదకొచ్చేత్తది. లోడు దిగినాక అప్పుడు సెప్పినాడు, ఏలు పోనాదని. అలాగుండాల" అన్నాడు, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు గర్వంగా.

నేను వింటూ తల ఊపాను. విన్నది ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో మాత్రం నాకు తెలియలేదు.

ఆపరేషన్ రోజు ఆయన మెలకువగానే ఉన్నాడు. కోసేచోట మాత్రం తిమ్మిరెక్కించాను. ఒత్తిగిలి పడుకోబెట్టి నడుములోకి గొట్టం పంపాను. అది బాగానే వెళ్ళింది. తరవాత దాన్ని వీపు దగ్గర్నుంచి పక్కకి తిప్పి, డొక్క మీదుగా ముందుకి తేవాలి. నేనెప్పుడూ చెయ్యని పని. చెమటలు కారుతున్నాయి. తలుపు అద్దంలోంచి ఇద్దరు సర్జన్లు తొంగిచూస్తున్నారు. వాళ్ళ మొహాల్లో నవ్వు నాకు మాస్కుల్లోంచి కూడా కనపడుతోంది. సిస్టరుతో, "ఇక్కడే అడ్డంగా తిప్పేద్దాం, గొట్టం పొడుగు చాలదు" అన్నాను.

సారంగు తల కదిపాడు. "అక్కడికక్కడే తిప్పేత్తన్నారేటమ్మా? నలిగిపోద్ది. తాడైనా గొట్టమైనా ఒకటే, మూల మీద తిప్పకూడదు. ఒక సుట్టు ఒదులుగా ఇడిసిపెట్టండి, మనిషి ఒంగినా లెగిసినా ఆ సుట్టు సర్దుకుంటాది."

మాట సబబుగానే ఉంది. కానీ బల్ల మీద పడుకున్న రోగి, అద్దం అవతల సర్జన్లు చూస్తుండగా, నాకు పని నేర్పుతున్నాడు. నా గొంతు లేచింది.

"సారంగు గారూ, ఇక్కడ సారంగుని నేను. లోడు గాల్లో ఉంది. నోరెత్తకండి!"

సిస్టరు కిసుక్కున నవ్వింది. నా చమత్కారానికి నాకే ముచ్చటేసింది. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. కుట్లు వేసేదాకా ఉలకలేదు, పలకలేదు. మంచి రోగి అనుకున్నాను.

రెండు రోజులు నిజంగానే పనిచేసింది. రెండోనాడు సాయంత్రం ఆయన మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. భార్య తెచ్చిన అన్నం ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. ఆవిడ పక్కన నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను వార్డు బయటికి వచ్చి, ఎవరూ చూడకుండా నేనూ కళ్ళొత్తుకున్నాను. పెథిడిన్ మానేశాం. కేసు షీటులో "నొప్పి లేదు" అని రాసి, కింద గీత కూడా గీశాను.

మూడోనాడు మందు వేస్తుంటే సిరంజి బిగుసుకుంది. బొటనవేలు నొప్పెట్టేలా నొక్కాల్సి వచ్చింది. సన్నటి గొట్టం కదా, కాస్త గట్టిగానే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఎవరికి? నాకే. నాలుగోనాటికి డబ్బీ చుట్టూ చర్మం కొంచెం ఉబ్బింది. కోసినచోట వాపు రాదా అనుకున్నాను. మాయమాటలు రోగులకి చెప్పడం కంటే తనకి తాను చెప్పుకోవడమే డాక్టర్లకి బాగా వచ్చు.

రోజూ పొద్దున్న వెళ్ళి, "తగ్గిందా?" అని అడిగేదాన్ని.

"బాగుంది డాక్టరమ్మా" అనేవాడు.

నేను వెళ్ళేసరికి కూర్చునే ఉండేవాడు. మొహం మాత్రం పీక్కుపోతోంది. జబ్బు ముదురుతోంది కదా అనుకున్నాను. ఒకరోజు ఆయన భార్య గుమ్మం దాకా నా వెనకాలే వచ్చింది. "డాక్టరమ్మా..." అని ఏదో చెప్పబోయింది. లోపల్నుంచి ఆయన దగ్గాడు. ఆవిడ ఆగిపోయి, పమిట సర్దుకుని, "ఏటీ నేదమ్మా" అని వెనక్కి వెళ్ళిపోయింది. నేను ఆగి అడగాలి. అడగలేదు. ఎందుకంటే నెలాఖరు దగ్గర పడింది, స్లైడ్లు తయారుచేసుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఆవిడ చెప్పేది వినడం నాకిష్టం లేదు.

మీటింగు మధ్యాహ్నం. హాలు నిండిపోయింది. ఊళ్ళో పేరున్న డాక్టర్లంతా ముందు వరసలో ఉన్నారు. అంతమందిలో ఆడవాళ్ళం ముగ్గురమో నలుగురమో. నేను బొమ్మలు చూపించి, గొట్టం ఎలా నడిపానో చెప్పి, "ఇప్పుడు మనిషిని చూడండి" అన్నాను. సారంగు తలుపులోంచి నడిచి వచ్చాడు. తెల్ల లుంగీ, తెల్ల లాల్చీ, తల మీద టోపీ. పెళ్ళికి వచ్చినట్టున్నాడు. వేదిక మీద చెక్క కుర్చీ వేయించాను. గట్టి కుర్చీ అయితేనే అందరికీ బాగా తెలుస్తుందని నేనే మెత్త తీయించాను. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. హాల్లో చప్పట్లు.

ముందు వరసలో ఒక పెద్దాయన అడిగారు. "ఏమయ్యా, ఇప్పుడు నొప్పుందా?"

"నేదండి. బాగుంది."

"డాక్టరమ్మ ఎదురుగా ఉందని అంటున్నావేమో?" అన్నారాయన. అందరూ నవ్వారు.

నాకు పౌరుషం వచ్చింది. "మనిషి మొహమాటానికి అనొచ్చు గానీ నాడి మొహమాటపడదు కదండీ" అని, అందరికీ కనిపించేలా ఆయన మణికట్టు పట్టుకున్నాను, గడియారం చూస్తూ.

చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నాడి పరుగెడుతోంది. లెక్కపెట్టే పని కూడా లేదు. కాలేజీ రోజుల నుంచీ నాడి పట్టుకునే బతుకుతున్నదాన్ని, వేలు పెట్టిన క్షణంలోనే తెలిసింది. తలెత్తి ఆయన మొహం చూశాను. పై పెదవి మీద చెమట బొట్లు. కళ్ళు ఎదురుగా గోడ మీద ఏదో ఒకచోట గుచ్చి పెట్టుకున్నాడు. నడుము కింది ఎముకని తిన్న కాన్సరు మీద, గట్టి చెక్క కుర్చీలో కూర్చుని, బాగుందంటున్నాడు.

సిరంజి బిగుసుకోవడం, డబ్బీ చుట్టూ వాపు, గుమ్మంలో ఆయన భార్య, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. గొట్టం నలిగిపోయింది. ఎప్పుడో నలిగిపోయింది. మందంతా దారి లేక డబ్బీ అతుకు దగ్గర చర్మం కింద కారిపోతోంది. హాలంతా నా నోటి వైపే చూస్తోంది. పెద్ద డాక్టరుగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తలుపు అద్దంలోంచి తొంగిచూసిన ఇద్దరు సర్జన్లూ ఉన్నారు.

"మామూలుగానే ఉంది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత కూడా దానికి ఇంకో అర్థం చెప్పుకోలేకపోయాను. అంతటితో ఆపి ఆయన్ని పంపించినా కొంత నయం. ఆపలేదు. ఆపితే ఎవరికైనా అనుమానం వస్తుందని భయం. మిగిలిన స్లైడ్లు చూపించాను. ప్రశ్నలకి జవాబులిచ్చాను. ఇరవై నిమిషాలు. ఆయన ఆ ఇరవై నిమిషాలూ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. నేను ఆయన వైపు మళ్ళీ చూడలేదు.

మీటింగయ్యాక వరండాలోకి వెళ్ళేసరికి ఆయన గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. లాల్చీ వీపు మొత్తం తడిసిపోయింది. పెథిడిన్ ఇప్పించి, మంచమ్మీదికి చేర్చాం. ఆయన భార్య ఈసారి దగ్గుకి ఆగలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూడో రోజు నుంచీ ఇదేనమ్మా! తువ్వాలు నోట్లో కుక్కుకుంతన్నాడు. మీరొత్తన్నారంటే లెగిసి కూకుంతన్నాడు. సెప్దారంటే సంపేత్తానంతన్నాడు. ఏటి సేసినారమ్మా మా మనిషిని?"

తువ్వాలు తెచ్చి చూపించింది. అంచు పళ్ళతో చిరిగిపోయి ఉంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను. గట్టిగానే అడిగానేమో, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరే గదమ్మా లోడు గాల్లో ఉందన్నారు. దిగిందని మీరు సెప్పనేదు."

ఆయన హాస్యానికి అనలేదు. మొహంలో నవ్వు లేదు, నిష్ఠూరమూ లేదు. నేను నోరు మూయించడానికి విసిరిన మాట ఆయనకి ఆజ్ఞ. నలభై ఏళ్ళు ఆ ఆజ్ఞ మీదే మనుషుల ప్రాణాలు కాపాడాడు. సారంగుని నేనేనన్నాను కాబట్టి, సారంగు అడిగితే బాగుందనాలి, దిగిందని చెప్పేదాకా ఓర్చుకోవాలి. వేలు పోగొట్టుకున్న ఖలాసీ కథ నాకు చెప్పింది ఆయనే. విని తల ఊపింది నేనే.

సాయంత్రం పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. గొట్టం నలిగిపోయిందనీ, హాల్లో నేను అబద్ధం చెప్పాననీ చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొదటిది రాయి. రెండోది ఎవరికీ అక్కర్లేదు" అన్నారు. నేను సరేనన్నాను. అది రెండో తప్పు. హాల్లో ఉన్నవాళ్ళెవరికీ ఈరోజు దాకా నిజం చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న మళ్ళీ బల్ల ఎక్కించాం. కోసి చూస్తే, సరిగ్గా ఆయన చెప్పిన మలుపు దగ్గర గొట్టం నాడాలా చదునైపోయి ఉంది. డబ్బీ మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త గొట్టం పంపాను. తిప్పాల్సిన చోటికి వచ్చేసరికి చెయ్యి ఆపి, "మీరు చెప్పండి. నేను చేస్తాను" అన్నాను.

సిస్టరు నా వైపు చూసింది. రెండోసారి అడిగాక ఆయన మెల్లగా అన్నాడు. "సుట్టు ఎయ్యండి. ఎంత ఎడల్పు పెట్టినారు?"

"రెండు వేళ్ళు."

"సాలదు. అరసెయ్యంత. బిగించకండి. ఆ ముడి కూడా గొట్టం మీద కాదు, పక్కని కండకెయ్యండి. ఆఁ, ఇప్పుడు కదిపి సూడండి."

కదిపి చూశాను. నడుము వంచి చూశాం, చాపి చూశాం. చుట్టు ఒళ్ళు విరుచుకున్నట్టు సర్దుకుంది. కుట్లు వేశాక ఆయన చెవి దగ్గరికి వంగి, వార్డు దాకా వినిపించేలా "దిగింది సారంగు గారూ!" అన్నాను. "ఇంక మీరు మాట్లాడాలి. ఏ మాత్రం ఉన్నా చెప్పాలి." ఆయన తల ఊపాడు గానీ, ఊపిన తల మీద నాకు నమ్మకం లేదు.

అసలు భయం అప్పుడు మొదలైంది. మొన్నటిదాకా చర్మం కింద వృథా అయిన మందు ఇప్పుడు మొత్తం వెన్ను దగ్గరికి చేరుతుంది. ఒంట్లో పెథిడిన్ ఇంకా ఉంది. మార్ఫిన్ ఎక్కువైతే మనిషి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరి మెల్లమెల్లగా ఆగిపోతుంది. అది కూడా వెంటనే కాదు, గంటల తరవాత. విరుగుడు మందు ఆసుపత్రిలో ఒకే ఒక్క ఆంపూల్ ఉంది. దాన్ని సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకుని, మామూలు మోతాదులో సగమే వేసి, వార్డులో ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. థియేటర్లో పనులు వేరేవాళ్ళకి అప్పగించాను. పొద్దున్న పదకొండు నుంచి ఆయన ఛాతీ లేవడం, దిగడం లెక్కపెట్టడమే పని. మధ్యాహ్నం నిమిషానికి పద్నాలుగు. మూడింటికి పది. నాలుగింటికి తొమ్మిది. ఆయన భార్య మంచం అవతల నిలబడి నా పెదవులే చూస్తోంది. అంకెలు ఆవిడకి తెలియవు గానీ నా మొహం తెలుస్తోంది.

"సారంగు గారూ, ఊపిరి తీసుకోండి!" అని అరిచాను. కళ్ళు తెరవకుండానే తీసుకున్నాడు. మళ్ళీ అరిచాను. మళ్ళీ తీసుకున్నాడు. విరుగుడు ఇస్తే ఊపిరి లేస్తుంది, దాంతోపాటు నొప్పి కూడా ఒక్కసారి విరుచుకుపడుతుంది. ఆయన్ని మళ్ళీ ఆ నొప్పిలోకి తోయడానికి నా చెయ్యి రాలేదు. ఎనిమిదికి తగ్గితే ఇచ్చేద్దామని సూది పట్టుకునే కూర్చున్నాను. అరుస్తూనే ఉన్నాను. అయిదింటికి పది. ఆరింటికి పన్నెండు. హార్బరులో ఏదో ఓడ కూత వేసింది. ఆయన కళ్ళు తెరిచి, "ఏటమ్మా అంత గోల" అన్నాడు. సూది కింద పెట్టేసి, మంచం అంచు మీద తల వాల్చేశాను.

మర్నాడు పొద్దున్న థియేటర్ గుమ్మం దగ్గర ఆయన భార్య. పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. "డాక్టరమ్మా, ఆయన... నొప్పుందంతన్నాడు."

చేతి తొడుగులు విప్పి పారేసి పరుగెత్తాను. ఆయన దిండుకి చేరబడి, మొహం చిట్లించి కూర్చున్నాడు. నన్ను చూడగానే లంకించుకున్నాడు.

"ఏటమ్మా మీ మందు? తెల్లారగట్ల దాకా బాగుంది. ఇప్పుడు ఎడం తుంటి కాడ మళ్ళీ మొదలెట్టీసినాది. ఇంత పిసినారిగా ఎట్టినారేటి? కాలు కూడా లాగేత్తంది."

నేను నవ్వాను. నవ్వు ఆగలేదు, దాంట్లోంచే ఏడుపు వచ్చేసింది. వార్డంతా నన్ను వింతగా చూసింది. ఒక మనిషి నొప్పుందని అరిస్తే అంత సంబరపడిన డాక్టరు ఇంకెక్కడైనా ఉంటుందా? ఎడమ తుంటి, తెల్లవారుజాము, కాలు లాగడం. అన్నీ రాసుకున్నాను. మందు కొంచెం పెంచాను. సాయంత్రం మళ్ళీ తిట్టాడు. మళ్ళీ కొంచెం పెంచాను. నాలుగోనాటికి తిట్లు ఆగాయి. ఆగినందుకు కంగారుపడి అడిగితే, "నేకపోతే నేదని సెప్పకూడదేటి?" అని విసుక్కున్నాడు. ఆయన భార్య ఔనన్నట్టు నవ్వాక గానీ నేను నమ్మలేదు.

ఆ తరవాత ఏ రోగినీ "తగ్గిందా?" అని అడగలేదు. అలా అడిగితే మనవాళ్ళు తగ్గిందనే అంటారు, పెద్దవాళ్ళ మాట తీసెయ్యకూడదని. "ఎక్కడుంది, ఎప్పుడొచ్చింది, ఎంతుంది?" అని అడిగేదాన్ని. రెండు మంచాల గది ఇచ్చారు. తరవాత అది నాలుగు మంచాలైంది. మెరుగైన డబ్బీలు వచ్చాయి, ఇంకెంతోమందికి పెట్టాను. అరచేతి వెడల్పు చుట్టు వెయ్యకుండా ఒక్కటీ మూసెయ్యలేదు.

సారంగు వన్‌టౌన్‌లో తన ఇంటికి వెళ్ళిపోయాడు. మార్ఫిన్ ఇంటివాళ్ళ చేతికి ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి రోజూ థియేటర్‌కి ముందు నేనే వెళ్ళి మందు వేసేదాన్ని. సందులోకి తిరిగేసరికి గుమ్మంలో చాప మీద కూర్చుని కనిపించేవాడు, ఒళ్ళో పళ్ళెంతో. అలా నాలుగు నెలలు. నెలలు గడిచేకొద్దీ మనిషి సగమయ్యాడు గానీ కూర్చోవడం మానలేదు. నాతో మీరు పోయి నువ్వు వచ్చింది, డాక్టరమ్మ పోయి తల్లి వచ్చింది.

ఒకరోజు పొద్దున్న డబ్బీలోకి సూది వేస్తున్నప్పుడు, ఇంక ఎన్నో రోజులు లేవని నాకు అర్థమైంది. చెప్పకుండా ఆయన్ని పోనివ్వలేకపోయాను.

"ఆ రోజు హాల్లో మీ నాడి పట్టుకున్నాను కదా. అప్పుడే తెలిసిపోయింది నాకు. తెలిసే అబద్ధం చెప్పాను. తెలిసే మిమ్మల్ని ఇంకా ఇరవై నిమిషాలు ఆ కుర్చీలో కూర్చోబెట్టాను."

ఆయన పళ్ళెం పక్కన పెట్టాడు. "నాకు తెల్సు తల్లీ."

"ఎలా తెలుసు?"

"నా సెయ్యట్టుకున్నావు గదా. నీ సెయ్యి ఒణికిపోతంది. నాడి సూసే సెయ్యి ఒణికితే నాకు తెల్దేటి?" కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఆ కుర్సీలో ఇంక నా వల్ల కానేదు. లోడూ గీడూ ఒగ్గేసి నొప్పుందని అనేద్దారనుకున్నాను. నోటి దాకా వచ్చీసినాది. అంతమంది మొగోళ్ళ ముందర నీ సెయ్యి అలగ ఒణుకుతంటే, ఈ పిల్ల పడిపోద్దేమో అనిపించింది. అందికే ఊరుకున్నాను."

సూది తీసేసి, దూది అద్ది, ఆయన చొక్కా కిందికి లాగాను. ఆ గుమ్మంలోనే చాప అంచున చాలాసేపు కూర్చుండిపోయాను. నా ఉద్యోగం మొత్తంలో థియేటర్‌కి ఆలస్యంగా వెళ్ళింది ఆ ఒక్కరోజే.